కుదరదుకి ఇంగ్లీషులో ఏమంటారు?

ఒక పెద్ద అడవిలో, అంటే ఆ అడవివాళ్ళు అలా చెప్పుకునేవాళ్ళు గానీ బయటివాళ్ళెవరూ దాన్ని పెద్దదని ఒప్పుకున్న పాపాన పోలేదు, కోరయ్య అనే అడవిపంది పంచాయతీ ప్రెసిడెంటుగా ఉండేవాడు.

ఆ అడవి పేరు నల్లమడుగు. పేరుకు తగ్గట్టే నడిమధ్యన ఒక మడుగు ఉంది. ఎంత ఎండ కాసినా ఎండని మడుగు. చుట్టుపక్కల ఇంకే అడవికీ అలాంటిది లేదు. వాళ్ళ పరువంతా దాని మూలంగానే, వాళ్ళ తగువులన్నీ దాని మూలంగానే.

కోరయ్యకి అందం లేదు. చదువు లేదు. మాటలో మెత్తదనం అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే విద్య. ఎవరేమడిగినా "కుదరదు" అనగలడు. అది మామూలుగా అనడం కాదు. ముట్టె పైకెత్తి, కోరలు రెండూ కనబడేలా నోరు తెరిచి, పొట్టలోంచి అంటాడు. ఆ మాటకి కొమ్మల మీది పిట్టలు లేచిపోతాయి. అది చూసే అడవి జనం అతన్ని ప్రెసిడెంటుని చేశారు.

ఎందుకంటే, రోహిణి కార్తె రాగానే పక్కనున్న బోడికొండ నుంచి ఏనుగులు దిగుతాయి. అక్కడ ఆ రోజుల్లో చుక్క నీరుండదు. వాళ్ళ మందకి పెద్దదిక్కు ఒక ముసలి ఏనుగు. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలుస్తారు. ఆవిడ మడుగు ఒడ్డున నిలబడి, గొంతు సవరించుకుని, "ఏమయ్యా కోరయ్యా, ఈ ఏడు మడుగంతా మాకు కావాలి" అంటుంది.

"కుదరదు" అంటాడు కోరయ్య.

"పోనీ సగం ఇవ్వు."

"సగం కాదు, గోరంత కూడా ఇవ్వను."

"మీ తాత ఇంత పిసినారి కాదయ్యా."

"మీ అమ్మమ్మ ఇంత ఆశపోతు కాదమ్మా."

ఇలా తాతలూ ముత్తాతలూ అందరూ అయిపోయేదాకా తిట్టుకుని, చివరికి ఒక దారికి వస్తారు. మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా ఏనుగులు ఒడ్డున నిలబడి తాగొచ్చు. నీళ్ళలోకి మాత్రం కాలు దించకూడదు. పెద్దమ్మ గొణుక్కుంటూ ఒప్పుకుంటుంది. ఆ తర్వాత రెండు అడవులవాళ్ళూ కలిసి కూర్చుని తునికి పళ్ళు తింటారు. ఏ ఏడాదైనా ఈ తగువు జరక్కపోతే ఎండాకాలం వచ్చినట్టే ఉండదు ఎవరికీ.

అంతా బాగానే సాగిపోతూ ఉంటే, కిందటేడు పెద్దమ్మ వస్తూనే తొండం పైకెత్తి, "గుడ్ ఆఫ్టర్‌నూన్, మిస్టర్ ప్రెసిడెంట్" అంది.

అది తిట్టో దీవెనో కోరయ్యకి తెలియలేదు. ఎందుకైనా మంచిదని గుర్రుమన్నాడు. ఏనుగులు నవ్వాయి. అవి నవ్వితే నవ్వాయి, పరాయివాళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే సొంత అడవివాళ్ళే నవ్వుతున్నారు. దుప్పి అయితే పొదలోకి మొహం దూర్చి మరీ నవ్వుతోంది. ఆ రోజు కూడా మడుగు దక్కింది, తునికి పళ్ళు తిన్నారు, అన్నీ అయ్యాయి. కోరయ్య గొంతులోకి మాత్రం పండు దిగలేదు.

"మనవాళ్ళే నవ్వారే దుంపా" అన్నాడు ఇంటికొచ్చి పెళ్ళాం దుంపమ్మతో.

"నవ్వితే ఏం పోయింది? నీళ్ళు దక్కాయిగా" అంది దుంపమ్మ. ఆవిడ ధోరణే అంత. కడుపు నిండితే పరువు దానంతటదే నిండుతుందంటుంది.

కానీ కోరయ్యకి ఆ నవ్వు ముల్లులా లోపలే ఉండిపోయింది. ప్రెసిడెంటుకి సిగ్గు వేస్తే ఆ సంగతి ముందుగా కనిపెట్టేది సెక్రటరీ. ఆ అడవి పంచాయతీ సెక్రటరీ ఒక కొంగ. పేరు జపాలరావు. మడుగులో ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని, లోకకల్యాణం గురించి ఆలోచిస్తూ ఉంటాడు. మధ్యమధ్యలో ఒక చేప లోకాన్ని విడిచిపెడుతూ ఉంటుంది.

జపాలరావుకి ఉన్న బాధ ఒక్కటే. రోజూ ఎండ ముదరగానే కోరయ్య మడుగులో దిగి హాయిగా పొర్లుతాడు. నీళ్ళు బురదవుతాయి, చేపలు లోతుకి పోతాయి. ఇక ఎంత జపం చేసినా ముక్కుకి నాచు తప్ప ఏమీ తగలదు. పొర్లవద్దని ఒకసారి అడిగి చూశాడు. ఏ జవాబు వచ్చిందో మీరే ఊహించుకోవచ్చు. అప్పటి నుంచీ ప్రెసిడెంటుని ఎలా దించాలా అని ఆయన చూస్తున్నాడు.

శివరాత్రి వెళ్ళి చలి తగ్గగానే పంచాయతీ సమావేశం పెట్టాడు.

"సభ్యులారా, కాలం మారింది" అని మొదలుపెట్టాడు జపాలరావు. "పక్క అడవిలో ఏనుగులు ఇంగ్లీషు మాట్లాడుతున్నాయి. మనం ఇంకా గుర్రుమంటున్నాం. ఇక మీదట రోహిణి కార్తె మహాసభ అంతా ఇంగ్లీషులోనే జరగాలని తీర్మానం పెడుతున్నాను. సభలో ఇంకో భాష మాట్లాడినవాడు ఎంతటివాడైనా కుర్చీ దిగాలి."

కుర్చీ అంటే వాళ్ళకి ఒక పాత మద్దిచెట్టు మొద్దు. దాని మీద కూర్చున్నవాడు ప్రెసిడెంటు.

"పిల్లల భవిష్యత్తుకి చాలా మంచిది" అంది దుప్పి. ఆవిడకి పిల్లలు ఇంకా పుట్టలేదు. భవిష్యత్తు మీద నమ్మకం అలాంటిది.

"నా గుహలో నన్ను పడుకోనిస్తే ఏ భాషైనా నాకు ఫరవాలేదు" అని ఎలుగుబంటి ఆవలించింది.

ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు అందరికంటే గట్టిగా తలలూపారు. ఊపకపోతే రాదన్న సంగతి బయటపడిపోతుంది మరి. కోరయ్య "కుదరదు" అనబోయాడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో కిందటేటి నవ్వు గుర్తొచ్చింది. వచ్చిన మాటని లాలాజలంతో పాటు మింగేశాడు. పుట్టి బుద్ధెరిగాక కోరయ్య ఆ మాట మింగడం అదే మొదలు.

తీర్మానం నెగ్గింది. పంది నోట ఇంగ్లీషు పలికేదీ లేదు, తను కుర్చీ ఎక్కకపోయేదీ లేదు అని జపాలరావు లోలోపల మురిసిపోయాడు.

నేర్పడానికి గురువు కూడా సిద్ధంగానే ఉన్నాడు. ఆయన ఒక గోరింక. పట్నంలో ఒక పెద్ద హోటల్లో, గుమ్మం పక్కన, వచ్చినవాళ్ళని పలకరించే బల్ల మీద వేలాడదీసిన పంజరంలో పుట్టి పెరిగాడు. ఒకరోజు ఎవరో పంజరం తలుపు వేయడం మరిచిపోతే ఎగిరొచ్చేశాడు. అంతకుముందు ఏడాది బోడికొండలో ఏనుగులకి పాఠాలు చెప్పింది కూడా ఆయనే. ఇప్పుడు ఇక్కడ ఒక మద్దిచెట్టు కింద దుకాణం తెరిచాడు. "గోరింక స్పోకెన్ ఇంగ్లీష్. నోరుంటే చాలు, ఇంగ్లీషు మీదే" అని కాకుల చేత అడవంతా చాటించాడు.

మొదటిరోజు క్లాసుకి అడవంతా వచ్చింది. మాస్టారు కొమ్మ మీద అటూ ఇటూ నడుస్తూ పాఠం మొదలుపెట్టాడు.

"ముందు మాటలు. వాటర్ అంటే నీళ్ళు. కీ అంటే తాళంచెవి. టవల్ అంటే తువ్వాలు."

"తువ్వాలంటే ఏంటండీ?" అంది దుప్పి.

"స్నానం చేసి వచ్చినవాళ్ళకి ఇచ్చేది."

"ఎవరిస్తారండీ?"

"మనమే ఇస్తాం. ప్రశ్నలు తర్వాత. అందరూ అనండి, టవల్!"

"టవల్!" అంది అడవి.

మాటలయ్యాక వాక్యాలు వచ్చాయి. ఎవరైనా ఎదురుపడితే "వెల్కమ్" అనాలి. ఏదైనా అడిగితే "విత్ ప్లెజర్" అనాలి, అంటే మహా సంతోషంగా ఇస్తాం అని. కోప్పడితే "సారీ ఫర్ ద ఇన్‌కన్వీనియన్స్" అనాలి, అంటే మీకు కలిగిన ఇబ్బందికి మేమే చింతిస్తున్నాం అని. అడిగింది ఇచ్చేశాక "ఎనీథింగ్ ఎల్స్?" అనాలి, అంటే ఇంకేమైనా కావాలా అని. అన్నీ అయ్యాక "హావ్ ఎ నైస్ డే" అనాలి.

కోరయ్య ముందు వరసలో కూర్చుని చెవులు రిక్కించి విన్నాడు. నమ్ముతారో లేదో, ఆ క్లాసులో అతనంత శ్రద్ధగా నేర్చుకున్నవాడు లేడు. పుట్టల ముందు నిలబడి చెదపురుగులకి వెల్కమ్ చెప్పేవాడు. రాలిన ఆకుకి కూడా సారీ చెప్పేవాడు. మొదట్లో కోరలు అడ్డం పడి మాట తడబడేది. మెల్లమెల్లగా ముట్టె కిందికి దించి, పెదాలు దగ్గరికి చేర్చి, ముద్దు ముద్దుగా పలకడం పట్టుబడింది. ఆ మెత్తని గొంతు తన గొంతేనా అని అతనికే మురిపెంగా ఉండేది.

ఒకరోజు పాఠమయ్యాక అతను మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

"మాస్టారూ, చిన్న సందేహం. కుదరదుకి ఇంగ్లీషులో ఏమంటారండీ?"

గోరింక తల ఒక పక్కకి వంచాడు. ఆలోచించాడు. రెండో పక్కకి వంచాడు.

"హోటల్లో అన్నేళ్ళున్నాను. ఆ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిలు అలాంటి మాట ఒక్కసారి కూడా అనగా వినలేదే!"

"మరి ఇవ్వకూడనిది ఎవరైనా అడిగితే?"

"విత్ ప్లెజర్ అంటారు."

"అరిస్తే?"

"సారీ అంటారు. నాకు తెలిసి కుదరదు అనే మాట ఆ భాషలోనే లేదయ్యా. అందుకే అది అంత గొప్ప భాష అయింది."

కోరయ్యకి అది సబబుగానే తోచింది. గురువు చెప్పిన మాట కదా.

ఇంటికెళ్ళి దుంపమ్మ ముందు నిలబడి, తల వంచి, "వెల్కమ్ మేడమ్. హౌ మే ఐ హెల్ప్ యూ?" అన్నాడు.

దుంపమ్మ అప్పుడే పుట్టిన పిల్లల్ని ఒళ్ళో వేసుకుని పడుకుని ఉంది. మొగుణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"ఏం తప్పు చేసొచ్చావు? ఇంత మెత్తగా మాట్లాడుతున్నావు?"

"తప్పు కాదే, ఇంగ్లీషు."

అదే సమయానికి ముళ్ళపంది ఒకడు అటుగా వచ్చాడు. అక్కడున్నది అడవి మొత్తానికి మంచి దుంపల నేల. కోరయ్య తాతల నాటి నుంచీ ఆ కుటుంబానిది. దుంపమ్మ ఏటా అక్కడే ఈనేది, ఆ దుంపలు తిని పిల్లలకి పాలిచ్చేది. "కాస్త తవ్వుకోనా బావా?" అని అడిగాడు ముళ్ళపంది. ఏటా అడుగుతాడు, ఏటా కుదరదనిపించుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు.

"విత్ ప్లెజర్!" అన్నాడు కోరయ్య, పాఠం తాజాగా ఉందేమో.

ముళ్ళపందికి అర్థం కాకపోయినా మొహంలో నవ్వు అర్థమైంది. వెళ్ళి చుట్టాలందరినీ పిలుచుకొచ్చాడు. పొద్దువాలేసరికి ఒక మూల నేలంతా గుంటలు పడింది.

"కాదనడానికి ఏం రోగం నీకు?" అంది దుంపమ్మ.

"కాదనడానికి ఇంగ్లీషులో మాట లేదే."

"కాదనే మాట లేకుండా ఆ మహానుభావులు కాపురాలు ఎలా చేస్తున్నారో!" అని ఆవిడ గుంటలు పూడ్చుకోవడం మొదలుపెట్టింది. కోరయ్యకి కొంచెం తప్పు చేసినట్టే అనిపించింది. కానీ ముళ్ళపంది ముందు ఎంత చక్కగా పలికాను అని తలుచుకునేసరికి ఆ బాధ పోయింది.

ఫాల్గుణం, చైత్రం గడిచి ఎండలు ముదిరేసరికి క్లాసులో కోరయ్యే ఫస్టు. జపాలరావుకి దిమ్మ తిరిగింది. పంది ఇలా నేర్చేస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. "ఎంత నేర్చినా అరవడం మాత్రం మానలేడు, సభలో ఒక్క తెలుగు మాట జారకపోతుందా" అని కళ్ళు మూసుకుని మళ్ళీ జపంలో పడ్డాడు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. మడుగు కూడా ఒడ్డు విడిచి లోపలికి జరిగింది. కొండ మీదినుంచి దుమ్ము లేపుకుంటూ ఏనుగుల మంద దిగింది.

కోరయ్య ఒళ్ళంతా కడుక్కుని, మొద్దు మీద నిటారుగా కూర్చున్నాడు. గుండె దడదడలాడుతోంది. దడ మడుగు గురించి కాదు, గొంతు గురించి. ఒక పక్క జపాలరావు, ఒక పక్క ఎలుగుబంటి, దుప్పి. కొమ్మ మీద గోరింక మాస్టారు. ఒడ్డుకి అవతల దుంపల నేల గట్టున పిల్లలతో దుంపమ్మ.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మిస్టర్ ప్రెసిడెంట్" అంది పెద్దమ్మ.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మేడమ్! వెల్కమ్ టు నల్లమడుగు! హౌ మే ఐ హెల్ప్ యూ?"

అడవంతా చప్పట్లు కొట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. దుప్పి కళ్ళు చెమర్చాయి. కోరయ్యకి ఛాతీ ఉప్పొంగింది. ఏడాదిగా లోపలున్న ముల్లు ఆ క్షణాన ఊడి పడింది. ఇంతటితో సభ అయిపోయి ఉంటే ఎంత బాగుండేది!

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "ఐ వాంట్ ద మడుగు" అంది.

ఇది ఏటా జరిగేదే. మడుగంతా కావాలంటే ఎవరిస్తారు? అది బేరం మొదలుపెట్టే మాట. పెద్దమ్మ చెవులు విసురుకుంటూ కుదరదన్న కేక కోసం ఎదురుచూస్తోంది. ఆ తర్వాత అనాల్సిన తిట్లన్నీ నాలిక మీద పేర్చుకుని వచ్చింది.

కోరయ్య లోపలంతా వెతికాడు. నేర్చుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే పైకి తీసి చూశాడు. కావాల్సిన మాట అందులో లేదు. సభంతా తనవైపే చూస్తోంది. ఇక ఆగితే నవ్వుతారు.

"విత్ ప్లెజర్, మేడమ్" అన్నాడు.

పెద్దమ్మ చెవులు ఆగిపోయాయి. తొండం వేలాడిపోయింది. వెనకనున్న ఏనుగులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పెద్దమ్మ పేర్చుకొచ్చిన తిట్లన్నీ నాలిక మీదే మిగిలిపోయాయి. అడిగింది ఇచ్చేస్తే ఇక ఏం మాట్లాడాలి?

కోరయ్య నోరు మాత్రం పాఠం ప్రకారం నడిచిపోతోంది. "ఎనీథింగ్ ఎల్స్, మేడమ్?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గోరింక మాస్టారికి హోటల్లో రెండు రకాల మాటలు వినబడేవి. బల్లకి ఇవతలున్నవాళ్ళు అనేవి, అవతలికి వచ్చినవాళ్ళు అనేవి. పెద్ద ఒళ్ళున్నవాళ్ళకి అడిగే మాటలు నప్పుతాయి, చిన్న ఒళ్ళున్నవాళ్ళకి ఇచ్చే మాటలు నప్పుతాయి అని ఆయన నమ్మకం. అందుకని బోడికొండలో వచ్చినవాళ్ళ మాటలు నేర్పాడు, నల్లమడుగులో బల్లవాళ్ళ మాటలు నేర్పాడు. రెండూ ఇంగ్లీషే కదా అని ఆయన వాదన.

కాబట్టి పెద్దమ్మకి వచ్చిందంతా అడగడమే. ఇంకేమైనా కావాలా అని అడిగితే ఆవిడ నోట్లో ఉన్నవి కావాలనే మాటలే. ఆవిడ ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "ఐ వాంట్... తునికి చెట్లు" అంది.

"విత్ ప్లెజర్, మేడమ్. ఎనీథింగ్ ఎల్స్?"

"ఐ వాంట్ ఏ రూమ్."

రూమ్ అంటే ఏమిటో సభలో అందరికీ తెలుసు. అందరూ ఎలుగుబంటివైపు తిరిగారు. ఎలుగుబంటి ఉలిక్కిపడి లేచింది. నా గుహే, నా గుహే అని అరవాలని నోరు తెరిచింది. తీర్మానం గుర్తొచ్చింది. క్లాసులో నిద్రపోకుండా విన్న ఒకే ఒక్క మాట దానికి గుర్తుంది.

"థాంక్యూ" అంది ఎలుగుబంటి, కళ్ళనీళ్ళతో.

"ఇదేంటి మాస్టారూ! ఆవిడంటున్న మాటలు మాకు చెప్పలేదే!" అని దుప్పి పైకి చూస్తూ చెవిలో అన్నట్టు అడిగింది.

"అవి పై క్లాసువి" అన్నాడు గోరింక.

కోరయ్యకి చెమటలు పడుతున్నాయి. ఎలాగైనా ఆపాలి. "సారీ ఫర్ ద ఇన్‌కన్వీనియన్స్" అన్నాడు, ఇది ఏమైనా పనిచేస్తుందేమోనని. పెద్దమ్మ పెద్దమనసుతో "ఓకే, ఓకే" అంది. "ప్లీజ్ బీ సీటెడ్" అన్నాడు, కూర్చుంటే కాస్త ఆలోచించుకోవచ్చని. మందలో కుర్ర ఏనుగులు రెండు మడుగులోనే కూర్చున్నాయి. నీళ్ళు ఒడ్డు దాటి వచ్చి సభ్యుల కాళ్ళు తడిపాయి. జపాలరావు నిలబడే చోటు మునిగిపోయింది. అయినా ఆయన లోపల సంతోషంగానే ఉన్నాడు. ఇంత నష్టం జరిగాక ఈ పందిని ఎవరు ఉంచుతారు?

"ఎనీథింగ్..." అంది కోరయ్య నోరు. ఆపుదామంటే ఆగలేదు. "ఎల్స్, మేడమ్?"

పెద్దమ్మ కూడా అలిసిపోయింది. ఎదురుగా కనిపించిన చోటికి తొండం చూపించి, "ఐ వాంట్ దట్" అంది.

అది దుంపల నేల.

గట్టు మీద దుంపమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ తొండం ఎటు చూపించిందో తెలుస్తుంది కదా. ఆవిడ మొగుడివైపు చూసింది. జీవితంలో రోజుకొక్కసారైనా అతన్ని తిట్టకుండా ఉండని మనిషి, ఆ రోజు ఒక్క మాట అనలేదు. మెల్లగా లేచింది. ముట్టెతో పిల్లల్ని ఒక్కొక్కదాన్నే లేపి, ముందుకి తోస్తూ, ఎటు పోవాలో తెలియక కాసేపు నిలబడి, ఎండలోకి నడవడం మొదలుపెట్టింది.

అది కోరయ్య చూశాడు. తిట్టినా బాగుండేది అనుకున్నాడు. శివరాత్రి తర్వాత సమావేశంలో మింగిన మాట, ముళ్ళపంది ముందు మింగిన మాట, ఇప్పటిదాకా మింగినవన్నీ కలిసి ఒక్కసారి పైకి వచ్చాయి. ముట్టె పైకి లేచింది. కోరలు రెండూ బయటపడ్డాయి.

"కుదరదు!"

కొమ్మల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. గోరింక మాస్టారు కూడా లేచిపోయాడు. మడుగులో కూర్చున్న కుర్ర ఏనుగులు దిగ్గున లేచి ఒడ్డుకి వచ్చి పడ్డాయి.

"మడుగు ఇవ్వను! తునికి చెట్లు ఇవ్వను! ఎలుగుబంటి గుహ ఇవ్వను! మా దుంపల నేల మీద చూపు పడితే మర్యాదగా ఉండదు! ఎవరనుకున్నావు నన్ను?"

సభ కొయ్యబారిపోయింది. పెద్దమ్మ మాత్రం తొండం ఆకాశానికెత్తి ఒక ఘీంకారం చేసింది. అది కోపం కాదు.

"అమ్మయ్య! బతికించావయ్యా!" అంది. "నీకేదో జబ్బు చేసిందని హడలి చచ్చాను. ఆ గుహ నాకెందుకు? అందులో నా కాలు కూడా పట్టదు!"

"మరెందుకు అడిగావు?"

"నువ్వు కాదంటావన్న ధైర్యంతోనే కదయ్యా నేను అంతంత అడిగేది! నువ్వు ఇచ్చేస్తూ పోతే నేను ఎక్కడ ఆగాలి?"

ఆ మాటకి కోరయ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీ అమ్మమ్మకైనా ఆగడం తెలిసేది" అన్నాడు.

"మీ తాతకైనా ఇవ్వడం తెలిసేది" అంది పెద్దమ్మ, కళ్ళు మెరుస్తుండగా.

ఇక ఆగలేదు. ఏడాదికి సరిపడా తిట్టుకున్నారు. చివరికి ఎప్పటి దారికే వచ్చారు. మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా, ఒడ్డున నిలబడి, కాలు దించకుండా. దుంపమ్మ పిల్లల్ని తోలుకుంటూ వెనక్కి వచ్చి, "బుద్ధి లేదా, గొంతు అలా చించుకుంటావు" అని మొగుణ్ణి తిట్టింది. అది విన్నాక కోరయ్యకి ప్రాణం కుదుటపడింది. తునికి పళ్ళు తెచ్చారు.

పళ్ళు నోట్లో పెట్టుకోబోతుంటే జపాలరావు రెక్క ఎత్తాడు.

"సభ్యులారా, క్షమించాలి... అంటే, సారీ ఫర్ ద ఇన్‌కన్వీనియన్స్" అని నాలిక్కరుచుకుని సర్దుకున్నాడు. తర్వాత రెక్కతో కోరయ్యని చూపించాడు, తీర్మానం రోజు నిలబడ్డ చోటుని చూపించాడు, చివరికి మొద్దుని చూపించాడు. మాటలక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. సభలో తెలుగు మాట్లాడినవాడు కుర్చీ దిగాలి.

అందరూ తలలు దించుకున్నారు. వాళ్ళ నీళ్ళు మిగిల్చినవాడు అతనే. ఆ సంగతి కాళ్ళకింద తడి ఇంకా ఆరకముందే వాళ్ళకి తెలుసు. కానీ రూలు రూలే కదా, పైగా పెట్టింది వాళ్ళే. ఎలుగుబంటి తన గుహవైపు ఒకసారి చూసుకుని, కోరయ్య కాళ్ళ దగ్గర ఒక తునికి పండు పెట్టి, తీర్మానానికే చెయ్యెత్తింది. దుప్పి "థాంక్యూ సర్, హావ్ ఎ నైస్ డే" అంది, నిజమైన గౌరవంతోనే.

కోరయ్య మొద్దు దిగాడు. బాధ లేదని అంటే అబద్ధం. ఇన్నాళ్ళ కుర్చీ. కానీ దిగుతూ పక్కనే ఉన్న మడుగుని చూశాడు, గట్టు మీద పిల్లల్ని చూశాడు. ఆ పండు తీసుకుని ఇంటికి నడిచాడు.

మర్నాటి నుంచి జపాలరావు ప్రెసిడెంటు.

మధ్యాహ్నం ఏనుగులు నీళ్ళకి వచ్చాయి. కొత్త ప్రెసిడెంటు ఒంటికాలి మీద నిలబడి, "వెల్కమ్ మేడమ్. హౌ మే ఐ హెల్ప్ యూ?" అన్నాడు. ఇంగ్లీషు సభ మళ్ళీ మొదలైందని పెద్దమ్మకి అర్థమైంది. ఇంగ్లీషులో ఆవిడకి వచ్చింది ఒక్కటే.

"ఐ వాంట్ ఏ బాత్" అంది.

జపాలరావు లోపలంతా వెతికాడు. కోరయ్య వెతికిన చోటే వెతికాడు.

"విత్ ప్లెజర్, మేడమ్" అన్నాడు.

మందంతా మడుగులో దిగింది. పంది పొర్లితే ఒక మూల బురదవుతుంది. ఏనుగులు పొర్లితే మడుగంతా బురదే. పెద్దవీ పిల్లవీ తొండాలతో నీళ్ళు చిమ్ముకుంటూ పొద్దువాలేదాకా ఆడుకున్నాయి. చేపలు ఏ కలుగుల్లో దూరాయో దూరాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కుర్చీ మీద కూర్చున్న జపాలరావు మెడ రోజురోజుకీ సన్నబడింది. అడవివాళ్ళకి తాగడానికి తేట నీళ్ళు కరువై, ఒక్కొక్కళ్ళే పొద్దున్నే దుంపల నేల వైపు వెళ్ళి కోరయ్యని పలకరించి రావడం మొదలుపెట్టారు. ఎందుకొచ్చారో ఎవరూ చెప్పరు. "ఊరికే" అంటారు.

ఒక ఉదయం జపాలరావే వచ్చాడు. దుంపలు నములుతున్న కోరయ్య ముందు రెండు కాళ్ళూ నేలమీద పెట్టి నిలబడ్డాడు. ఆయన రెండు కాళ్ళ మీద నిలబడగా ఎవరూ అంతకుముందు చూడలేదు.

"కోరయ్యగారూ, మీ దగ్గర ఒక విద్య ఉంది. నాకు కాదనడం నేర్పాలి" అన్నాడు.

కోరయ్య నమలడం ఆపాడు. ముట్టె పైకెత్తాడు.

"కుదరదు!"

పైనున్న పిట్టలన్నీ లేచిపోయాయి. జపాలరావు తల వేలాడేసుకుని వెనక్కి తిరిగాడు.

"అలా వెళ్ళిపోతావేంటయ్యా?" అంది దుంపమ్మ, పిల్లలకి పాలిస్తూ. "పాఠం మొదలైపోయింది, నువ్వూ అను."

ఈ కథ విన్నవాళ్ళు తెలుసుకోవలసిన నీతి: మర్యాదలు ముందు నేర్చుకోవాలి, కాదనడం తర్వాతైనా నేర్చుకోవచ్చు, ఈ రెండింటికీ మధ్యకాలంలో మాత్రం ఏనుగులతో మాట్లాడకూడదు.